పదిహేను వేలు బండి కాగితానికి... మరి బండెక్కే మనిషికి?

పోయిన భాగం హాస్టల్ మెస్ గురించి. ఈ భాగం హాస్టల్ నుంచి ఇంటికీ, ఇంటి నుంచి పనికీ మనల్ని మోసుకెళ్లే బండి గురించి. పొడుగ్గానే ఉంటుంది. ఓపిగ్గా చదవండి, చదివాక వాదించండి.

ముందు లెక్కలు చూద్దాం. 2019 అక్టోబరు 4న ఏలూరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఖాకీ చొక్కా వేసుకుని వైఎస్సార్ వాహనమిత్ర మొదలుపెట్టారు. సొంత ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునేవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు. మొదటి ఏడాది దాదాపు 2.36 లక్షల మందికి వచ్చింది. 2023 నాటికి అది 2.75 లక్షలు దాటింది. ప్రభుత్వం మారింది. 2025 అక్టోబరు 4న విజయవాడలో ఇప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆటో ఎక్కి సభకు వచ్చి 'ఆటో డ్రైవర్ల సేవలో' మొదలుపెట్టారు. మొత్తం 15,000 అయింది. 2.90 లక్షల మందికి 436 కోట్లు. పార్టీ మారింది, పేరు మారింది, జెండా మారింది. అక్టోబరు 4 మాత్రం మారలేదు.

ఇంకోటి కూడా మారింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2019లో ఈ డబ్బు ఎందుకంటే బీమా కట్టుకోడానికి, ఫిట్‌నెస్ చేయించుకోడానికి, రిపేర్లకి అని చెప్పారు. అంటే పేరుకైనా అందులో భద్రత ఉంది. 2025లో ఎందుకిచ్చారు? ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు కాబట్టి, ఆటోవాళ్ల బేరాలు పడిపోయాయి కాబట్టి. అంటే ఇప్పుడది నష్టపరిహారం. రెండు మాటల్లోనూ బండి వెనక సీట్లో కూర్చున్న మనిషి లేదు. ఆ మనిషి మన అమ్మ, మన చెల్లి, మన హాస్టల్ పిల్లోడు. అందుకే ఈ పోస్టు.

నేను ఈ డబ్బు ఇవ్వొద్దనడం లేదు. ఇంకా ఎక్కువ ఇవ్వాలనే అంటున్నాను. అయితే ఎవరికి ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి అనేది మనం అడగాలి. అడగకపోతే ప్రతి ఏడాది అక్టోబరులో ఒక సభ, ఒక సెల్ఫీ, మిగతా పదకొండు నెలలు కాలవ గట్టు మీద చావు.

కాగితం ఎవరిది, స్టీరింగ్ ఎవరిది

రెండు పథకాల్లోనూ షరతు ఒకటే. బండి సొంతదై ఉండాలి, దాన్ని తానే నడపాలి. వినడానికి బాగానే ఉంది. గోదావరి జిల్లాల్లో పేటల్లోకి వచ్చి చూడండి. సొంత బండి ఉన్నవాళ్లు ఉన్నారు, కాదనను. ఫైనాన్స్ కంపెనీకి నెల నెలా వాయిదా కడుతూ, మూడు వాయిదాలు తప్పితే బండి ఈడ్చుకుపోతారని నిద్రపట్టనివాళ్లు వీళ్లు. వీళ్లకి 15,000 వస్తే అది ఒకట్రెండు వాయిదాలు. సరే.

కానీ పక్కనే ఇంకొకడుంటాడు. ఇంటర్ ఫెయిలయ్యో, డిగ్రీ పాసయ్యో, గల్ఫ్ పోయి తిరిగొచ్చో రోజు అద్దెకి బండి తీసుకుని నడిపేవాడు. బండి ఊళ్లో ఆసామిది. పొద్దున్నే తాళం తీసుకోవాలి, రాత్రి అద్దె లెక్కపెట్టి ఇవ్వాలి. అద్దె పోగా, డీజిల్ పోగా, సెంటర్లో ఇచ్చేవి ఇవ్వగా మిగిలింది వాడి కూలి. వాడికి పథకం లేదు. ఎందుకంటే ఆర్‌సీ మీద వాడి పేరు లేదు. పోనీ ఆసామికి వస్తుందా అంటే, నిబంధన ప్రకారం ఆయనకీ రాకూడదు, ఆయన నడపడు కదా. ఇక్కడే కాగితం పని చేస్తుంది. ఆయన దగ్గర లైసెన్సు ఉంటుంది, ఆధార్ ఉంటుంది, సచివాలయంలో చెప్పుకోగల పలుకుబడి ఉంటుంది. పగలంతా స్టీరింగ్ పట్టుకున్నవాడి దగ్గర బొబ్బలెక్కిన చేతులే ఉంటాయి. ఎస్సీ కార్పొరేషన్ లోన్ల కాలం నుంచి మనం చూస్తున్న బినామీ కథ ఇది. పేరు మనది, బండి వాళ్లది. ఇప్పుడు తిరగబడి, కష్టం మనది, పేరు వాళ్లది అయింది.

డెల్టాలో భూమికి ఏం జరిగిందో బండికీ అదే జరుగుతోంది. పాసుపుస్తకం ఉన్నవాడికి రైతు సాయం, దున్నే కౌలుదారుడికి అప్పు. దాన్ని మనం ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నాం? ఆర్‌సీ కూడా ఇంకో పాసుపుస్తకమే.

పదిమందిని ఎందుకు ఎక్కిస్తాడు?

'ఆటోవాళ్లకి డబ్బాశ, అందుకే కుక్కుతారు' అంటారు కార్లో పోయేవాళ్లు. కాస్త కాగితం, పెన్ను తీసుకోండి.

అనుకుందాం, అద్దె రోజుకి 400, డీజిల్ 500. మొత్తం 900. ఎనిమిది కిలోమీటర్ల దూరానికి మనిషికి 20 రూపాయలు. పర్మిట్ ప్రకారం మామూలు ఆటోలో ముగ్గురు. ట్రిప్పుకి 60. ఖర్చు రావడానికే పదిహేను ట్రిప్పులు తిరగాలి. ఆ తర్వాత ట్రిప్పు నుంచి వాడి ఇంటికి బియ్యం. అదే తొమ్మిదిమందిని ఎక్కిస్తే ట్రిప్పుకి 180. అయిదు ట్రిప్పుల్లో ఖర్చు వచ్చేస్తుంది. మీరైతే ఏం చేస్తారు?

ఇప్పుడు పదిహేను వేలని 365 రోజులకి పంచండి. రోజుకి 41 రూపాయలు. అంటే ఇద్దరు ప్రయాణికుల ఛార్జీ. ట్రిప్పుకి ఆరుగురిని అదనంగా ఎక్కిస్తే వచ్చేది 120. రోజంతటికీ ప్రభుత్వం ఇచ్చేది 41. ఈ 41 చూసి ఆ 120 వదులుకుంటాడా? వదులుకోమని ఎవరూ అడగలేదు కూడా. పథకం కాగితాలు అడుగుతుంది. బండి ఏడాదంతా ఎలా నడిచింది, ఎంతమందిని మోసింది, ఎంత స్పీడులో పోయింది అని అడగదు. సేవ బాగుపడటానికి ఇచ్చే డబ్బు, ఊరికే ఇచ్చే డబ్బు ఒకటి కావు. రెండోదానికి ఓటు విలువ ఉంటుంది, మొదటిదానికి ప్రాణం విలువ ఉంటుంది.

చట్టం దృష్టిలో వీళ్లంతా దొంగలే

లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ముక్క మీకోసం.

1988 మోటారు వాహనాల చట్టంలో రెండు రకాల ప్రయాణికుల బండ్లున్నాయి. స్టేజి క్యారేజీ అంటే బస్సులాగా దారిలో ఎక్కించుకుంటూ, దించుకుంటూ, మనిషికింత అని తీసుకునేది. కాంట్రాక్టు క్యారేజీ అంటే బండి మొత్తం ఒకరు మాట్లాడుకునేది. దారిలో సంబంధం లేనివాళ్లను ఎక్కించుకోకూడదు. స్టేజి క్యారేజీ అనిపించుకోవాలంటే డ్రైవరు కాక ఆరుగురికి మించి పట్టే బండి అయ్యుండాలి. మామూలు ఆటో ఆ లెక్కలోకే రాదు. మ్యాక్సీ క్యాబ్ ఆరుకి మించి పన్నెండు మంది దాకా పట్టేది. దానికిచ్చే పర్మిటూ కాంట్రాక్టు క్యారేజీదే.

అంటే ఏమైంది? అమలాపురం, రావులపాలెం, రాజోలు, భీమవరం, నర్సాపురం, ఏ సెంటర్లో అయినా 'ఎక్కండెక్కండి' అని పిలిచే ప్రతి సర్వీసు ఆటో, ప్రతి మ్యాజిక్ బండి పుట్టుకతోనే నేరస్తురాలు. ముగ్గురినే ఎక్కించినా, ముగ్గురూ మూడు చోట్ల ఎక్కితే పర్మిట్ ఉల్లంఘనే. లక్షలమంది రోజూ ప్రయాణం చేసే పద్ధతి మొత్తం చట్టం బయట ఉంది. చట్టం బయట ఉన్నవాడిని బాగుచేయడం ఎవరికీ వీలుకాదు, ఆపి జేబులు తడమడం మాత్రం అందరికీ వీలవుతుంది. ఫిట్‌నెస్ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల చొప్పున అదనపు ఫీజు ఒకటి. ఒక చేత్తో 15,000 ఇస్తారు, ఇంకో చేత్తో లాగుతారు.

దీనికి దారి లేదా? ఉంది. 2019లో ఇదే చట్టానికి చేసిన సవరణలో సెక్షన్ 67కి మూడో ఉపసెక్షన్ చేర్చారు. గ్రామీణ రవాణా కోసం, ఆఖరి మజిలీ దాకా ప్రయాణం అందడం కోసం, రోడ్డు భద్రత కోసం రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక పథకం పెట్టి పర్మిట్లను మార్చవచ్చు, కొత్త లైసెన్సులు ఇవ్వవచ్చు. ఢిల్లీని అడగక్కర్లేదు. పక్కనున్న తమిళనాడు అయితే 1997 నుంచే బస్సు అందని పల్లెలకి మినీ బస్సు పర్మిట్లు ఇస్తోంది. మన దగ్గర సభలు పెట్టడానికి తీరిక దొరికింది, ఆ సెక్షన్ తీయడానికి దొరకలేదు.

చచ్చాక మొదలయ్యే రెండో చావు

2023 మే 14. కాకినాడ జిల్లా తాళ్లరేవు దగ్గర హైవే మీద ప్రైవేటు బస్సు ఆటోని గుద్దింది. ఆటోలో రొయ్యల ఫ్యాక్టరీలో పని చేసి ఇంటికి పోతున్న ఆడవాళ్లు. పరిమితికి మించి ఉన్నారు. కనీసం ఆరుగురు చనిపోయారు. 2024 సెప్టెంబరులో తూర్పు గోదావరి దేవరపల్లి మండలంలో జీడిపిక్కల లోడుతో పోతున్న మినీ లారీ బోల్తాపడింది. దాని మీద పోతున్న ఏడుగురు కూలీలు బస్తాల కింద పడి చనిపోయారు. 2015 జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ మీంచి యాత్రికుల వ్యాను గోదావరి ఇసుకలో పడి 22 మంది పోయారు.

పేపర్లో ఇవి 'ఘోర ప్రమాదాలు'. రెండో రోజు ఎక్స్‌గ్రేషియా. మూడో రోజు నుంచి కోర్టు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను.

2007లో సుప్రీంకోర్టు నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ అంజనా శ్యామ్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. 42 మందికి బీమా ఉన్న బస్సులో 90 మంది ఎక్కారు, బస్సు లోయలో పడింది. బీమా కంపెనీ 42 మంది పరిహారానికి మించి బాధ్యత పడదు అంది కోర్టు. ఎక్కువ మొత్తాలు వచ్చిన 42 అవార్డులు లెక్కగట్టి ఆ డబ్బు డిపాజిట్ చేయాలి, దాన్ని అందరూ దామాషాలో పంచుకోవాలి, మిగతాది బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. ఇప్పుడు దీన్ని మన ఆటోకి తెచ్చుకోండి. బీమా ముగ్గురికి. ఎక్కింది పదిమంది. ముగ్గురి డబ్బు పదిమంది పంచుకోవాలి. మిగతాది ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలట! ఓనరు అంటే వాయిదా కట్టలేక ఏడుస్తున్న మన ఇంకో పేటవాడే. వాడి దగ్గర ఏముంది తీసుకోడానికి?

సరుకుల బండి అయితే మరీ దారుణం. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో, సార్వా అయినా దాళ్వా అయినా, తెల్లారగట్ల ట్రాలీ ఆటోల్లో, టాటా ఏస్‌ల్లో ఆడకూలీలని నిలబెట్టి తీసుకెళ్తారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో ఎప్పుడో తేల్చింది. అంటే మన వదిన నాట్లకి పోయే బండిలో వరి నారు కట్టకి విలువుంది, నారు వేసే చేతికి లేదు.

ఓవర్‌లోడు అంటే ఇరుక్కుని కూర్చోవడం ఒక్కటే కాదు. నాలుగో మనిషి ఎక్కిన క్షణం నుంచి ఆ బండిలో ప్రతివాళ్ల ప్రాణం విలువ కొంచెం కొంచెం తగ్గిపోతూ ఉంటుంది. ఈ సంగతి బండెక్కేవాళ్లలో ఎంతమందికి తెలుసు? చెప్పాల్సింది ఎవరు?

చాలీస్‌గావ్ టాంగా

బాబాసాహెబ్ తన జీవితంలోంచి రాసుకున్న ఒక సంఘటన ఉంది. 1929. అంటరానివాళ్ల ఇబ్బందుల మీద విచారణకి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. ధూలియా పని చూసుకుని తిరిగొస్తూ చాలీస్‌గావ్‌లో దిగారు. అక్కడి మహర్లు ఆయన్ని తమ వాడకి తీసుకెళ్లడానికి వచ్చారు. స్టేషన్‌లో గంట సేపు ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే అంటరానివాడిని బండిలో కూర్చోబెట్టుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. చివరికి టాంగా అద్దెకిస్తాం, మీరే తోలుకోండి అన్నారు. ఎప్పుడూ టాంగా తోలని ఒక మనిషి పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు మీద బండి తిరగబడింది. అంబేద్కర్ కిందపడ్డారు, కాలు విరిగింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి.

ఈ కథని మనం అవమానం కథగా చెప్పుకుంటాం. ఇంకోసారి చదవండి, ఇది రోడ్డు భద్రత కథ కూడా. బండి దొరికింది, తోలే నేర్పు దొరకలేదు. డబ్బు పెట్టినా సేవ దొరకలేదు. కులం మనిషిని ఊరి బయట పెడుతుంది. ఊరి బయట ఉన్నవాడికి దూరం ఎక్కువ, బండి తక్కువ, ఉన్న బండి పాతది, తోలేవాడికి శిక్షణ ఉండదు. ప్రమాదం అలా తయారవుతుంది. దాన్ని 'విధి' అనేవాళ్లు చాలీస్‌గావ్ కల్వర్టు చూడాలి.

మన డెల్టాకి రండి. ఆటో ఊళ్లో రామాలయం దగ్గర తిరిగిపోతుంది. పేట అక్కడికి ఇంకో కిలోమీటరు, కాలవ దాటాక. 'అటు బేరం ఉండదండీ' అంటాడు డ్రైవరు. రాత్రి పూట నొప్పులొచ్చిన పిల్లని కిలోమీటరు నడిపించాలి. బురద కాళ్లతో, పొలం బట్టలతో మన ఆడవాళ్లు చెయ్యెత్తితే ఖాళీ ఉన్నా 'ఖాళీ లేదు' అనే బండ్లు ఈనాటికీ ఉన్నాయి. తోలేవాడు మనవాడే అయినా ఒక్కోసారి అంటాడు, ఎందుకంటే ముందు సీట్లో కూర్చున్నవాళ్లు మొహం చిట్లిస్తారని వాడి భయం.

బండి అంటే మనకి స్వేచ్ఛ కూడా. 2017లో పశ్చిమ గోదావరి పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవ మీద దళితులని సాంఘిక బహిష్కరణ చేశారు. పని ఆపారు, కౌళ్లు ఆపారు. ఊళ్లో కూలి ఆగితే ఇంకో ఊరు పోవాలి. పోవాలంటే పొద్దున్నే పేట ముందుకు వచ్చే బండి ఒకటి ఉండాలి. ఆ బండి ఉంటే బహిష్కరణ సగం చచ్చినట్టే. ఆసామి పొలమే దిక్కు అనే రోజులు పోయాయంటే కారణం చదువు, వలస, రోడ్డు, బండి. అందుకే ఆటో విషయాన్ని 'చిన్న సమస్య' అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

కేప్‌టౌన్‌లో ఏం చేశారు

దక్షిణాఫ్రికా గురించి ఎందుకంటే, అక్కడా వెలివాడలే. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లని నగరాలకి దూరంగా టౌన్‌షిప్పుల్లో పెట్టింది. 1980ల చివర నిబంధనలు సడలించాక పదహారు మంది పట్టే మినీ బస్సు ట్యాక్సీలు నల్లవాళ్ల సొంత రవాణాగా పెరిగాయి. ఇవాళ అక్కడ ఎక్కువమంది పేదలు పనికి పోయేది వాటిల్లోనే. జబ్బులు కూడా మనవే. పాత బండ్లు, ఓనరుకి రోజుకో వారానికో ఇంత అని కట్టాల్సిన డ్రైవరు, అందువల్ల స్పీడు, కుక్కుడు.

అక్కడి ప్రభుత్వం రెండు ప్రయత్నాలు చేసింది. మొదటిది 2006లో మొదలైన రీకాపిటలైజేషన్. పాత బండి తుక్కుకి ఇస్తే 50,000 రాండ్లు ఇస్తాం, భద్రతా ప్రమాణాలున్న కొత్త బండి కొనుక్కోండి అన్నారు. ఆ డబ్బు కొత్త బండి ధరకి చాలదు, మిగతాది అప్పు. అప్పు కట్టడానికి మళ్లీ స్పీడు, మళ్లీ కుక్కుడు. డబ్బు ఓనరుకి పోయింది, డ్రైవరు బతుకు మారలేదు. మన పథకం తప్పు లాంటిదే.

రెండోది నాకు నచ్చింది. 2021లో కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్ర ప్రభుత్వం బ్లూ డాట్ అని ప్రయోగం మొదలుపెట్టింది. ట్యాక్సీ సంఘాలతోనే కలిసి. చేరిన బండ్లకి ట్రాకర్ పెట్టారు. స్పీడు ఎంత, బ్రేకు ఎలా వేస్తున్నారు అన్నీ నమోదు అవుతాయి. ప్రయాణికులు ఫిర్యాదు చేయొచ్చు, మార్కులేయొచ్చు. బాగా నడిపితే ప్రోత్సాహం డబ్బు వస్తుంది. అంటే బండి ఉన్నందుకు కాకుండా, బండి బాగా నడిచినందుకు డబ్బు. 2022 నవంబరు చివర నిధులు లేక ఆపేశారు. ఆపడం మనకి పాఠం. ఇలాంటివి ప్రయోగంగా పెడితే బడ్జెట్ కత్తెర మొదట దీని మీదే పడుతుంది. చట్టంలో ఉంటేనే నిలబడుతుంది.

మనం ఏం అడగాలి

1. నడిపేవాడికి డబ్బు. ఆర్‌సీతో పాటు లైసెన్సు ఆధారంగా కూడా నమోదు చేయాలి. అద్దె డ్రైవరు ఏ బండి నడుపుతున్నాడో సంఘం, తోటి డ్రైవర్లు, గ్రామసభ ధ్రువీకరించాలి. ఓనరు వాటా వేరు, డ్రైవరు వాటా వేరు, డ్రైవరు వాటా నేరుగా అతని ఖాతాలోకి.

2. రెండు విడతలు. ఇప్పుడిచ్చే 15,000లో ఒక్క రూపాయి తగ్గకుండా మొదటి విడతగా ఇవ్వాలి. దాని మీద ఇంకో విడత నెల నెలా, సీట్లకి మించి ఎక్కించకుండా, స్పీడు మించకుండా, చెప్పిన టైముకి నడిచిన బండికి. ఆ మొత్తం రోజుకి 41 రూపాయల ముష్టిలా ఉండకూడదు. అదనపు మనుషుల్ని వదులుకుంటే పోయే ఆదాయానికి సరిపోవాలి.

3. సెక్షన్ 67(3) కింద గ్రామీణ సర్వీసు లైసెన్సు. రూటు, ఛార్జీ, సీట్లు రాసి ఉండాలి. ప్రతి రూటుకీ ఆఖరి స్టాపు పేట అని రాసి ఉండాలి. రామాలయం దగ్గర తిరిగితే ఆ నెల ప్రోత్సాహం రాదు. పొలం బట్టలు చూసి ఎక్కించుకోకపోయినా అంతే.

4. కూలీల బండి బాధ్యత పని ఇచ్చేవాడిది. రొయ్యల ఫ్యాక్టరీలు, కడియం నర్సరీలు, జీడిపప్పు పరిశ్రమలు, గుంపుగా కూలీలని తీసుకెళ్లే మేస్త్రీలు ప్రయాణికుల బండే పెట్టాలి, సీటుకి ఒకరే. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కిస్తే కేసు డ్రైవరు మీద కాదు, పిలిపించినవాడి మీద.

5. ఎస్సీ కార్పొరేషన్ రుణంతో కొత్త బండ్లు నిజంగా నడిపేవాళ్లకి, అందులో ఆడవాళ్లకి కూడా. బినామీ అని తేలితే బండి స్వాధీనం చేసుకుని నడిపినవాడికే ఇవ్వాలి.

6. మొదటి జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురాన్ని తగలబెట్టారు. కోటిపల్లి నుంచి నర్సాపురం రైలు ఇంకా రాలేదు. గోదావరి పాయల మధ్య ఉన్న ఆ జిల్లాకి బస్సు, ఆటోనే దిక్కు. బాబాసాహెబ్ పేరున్న జిల్లాలో పేట దాకా భద్రంగా బండి రావాలని అడగడం అత్యాశేమీ కాదు.

రెండు అభ్యంతరాలు

'ట్రాకర్ పెడితే పోలీసుల చేతికి మన డ్రైవర్లని అప్పగించినట్టు కాదా?' మంచి ప్రశ్న. ఆ సమాచారం ప్రోత్సాహం లెక్కకి తప్ప కేసులకి వాడకూడదని పథకంలోనే రాయాలి. లెక్క చూసే కమిటీలో డ్రైవర్ల సంఘం, మహిళా కూలీలు, ఎస్సీ ప్రతినిధులు ఉండాలి. శిక్ష వేయడానికి వెయ్యి చట్టాలున్నాయి. ఇది బాగా చేసినవాడికి ఇచ్చేది.

'ఉచిత బస్సు వల్లే ఆటోవాళ్లు చచ్చారు, అది తీసేస్తే పోద్ది' అనేది రెండోది. ఈ మాటకి మనలో కొందరు పడిపోతున్నారు. ఉచిత బస్సు ఎక్కుతున్నది ఎవరు? ఆటో తోలుతున్నది ఎవరు? చాలా ఇళ్లల్లో తల్లి బస్సెక్కుతుంది, కొడుకు ఆటో తోలతాడు. ఒకే ఇంట్లో తల్లికీ కొడుక్కీ తగువు పెట్టి పైనున్నవాళ్లు చూస్తున్నారు. బస్సు పల్లె రోడ్డు దాకా వస్తుంది, కాలవ గట్టు మీద పేటలోకి రాదు. అక్కడి నుంచి ఆటో. రెండూ కావాలి. బస్సు ఆగే చోట నుంచి పేటకి నడిచే ఆటోకి కిలోమీటరుకి ఇంత అని ప్రభుత్వమే కడితే తగువు తీరుతుంది.

విద్యార్థులకి పని

ఉత్త లైకులు వద్దు. మూడు పనులు చెప్తాను.

ఒకటి. జిల్లా రవాణా అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయల ఫీజు. మీ మండలంలో ఎంతమందికి డబ్బు వచ్చింది, అందులో ఎస్సీలు ఎంతమంది, అద్దె డ్రైవర్ల దరఖాస్తులు ఎన్ని తిరస్కరించారు, మీ మండలం బండ్లలో ఫిట్‌నెస్, బీమా ఉన్నవి ఎన్ని. జవాబు వస్తే ఈ పోస్టు కింద పెట్టండి. రాకపోతే అప్పీలు కలిసి రాద్దాం.

రెండు. ఒక వారం మీ సెంటర్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కూర్చుని లెక్కరాయండి. ఏ బండి, ఎన్ని సీట్లు, ఎంతమంది, ఎక్కడ తిరిగిపోయింది. బండి నంబర్లు రాయొద్దు, మొహాల ఫొటోలు తీయొద్దు. మన పోరాటం డ్రైవరు మీద కాదు.

మూడు. డ్రైవర్లకి, కూలీలకి నాలుగు ముక్కలు చెప్పండి. బీమా ఎంతమందికో చెప్పండి. 7,500 కిలోల లోపు ప్రయాణికుల బండికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, ఆ పేరుతో పరిహారం ఎగ్గొడితే ఒప్పుకోవద్దని చెప్పండి. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల నగదు రహిత వైద్యం 2025లో కేంద్రం తెచ్చిందని, ఆసుపత్రిలో డబ్బు కట్టమంటే అది అడగమని చెప్పండి.

వచ్చే అక్టోబరు 4కి మళ్లీ సభ ఉంటుంది. ఆ రోజుకి మన దగ్గర ప్రతి మండలం లెక్క ఉండాలి. పదిహేను వేలకి చప్పట్లు కొట్టే చేతుల్లో ఆ కాగితాలుంటే మాట వేరేగా ఉంటుంది.

వచ్చే భాగంలో కౌలు కార్డుల సంగతి.

జై భీమ్.